వెండి పండుగ నాణెంలో వెండి ఉందా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈ నెల నాణేల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం రాజదంపతుల పెళ్లిరోజుల చుట్టూనే తిరిగాయి. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఉత్తరం వాటిలో మొదటిది. దానికి దగ్గరగా ఉన్న మిగతా ప్రశ్నలను కూడా ఇక్కడే చేర్చాం.

ప్రశ్న: మా మామగారు కువైట్‌లో ఒక ఇంగ్లీషు కుటుంబం దగ్గర చాలా ఏళ్లు డ్రైవరుగా పనిచేశారు. ఆయన ఊరికి తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇంటి దొరసాని ఒక పెద్ద నాణెం ఇచ్చి పంపిందట. దానికి ఒక వైపు రాణి తల, రెండో వైపు కిరీటం, దాని కింద ఏవో అల్లిక అక్షరాలు, నడుమ చిన్న పిల్లవాడి బొమ్మ, 1947–1972 అనే అంకెలు ఉన్నాయి. అది వెండిదని మామగారు చెప్పేవారు కాబట్టి ప్రతి దీపావళికీ లక్ష్మీపూజలో పెడుతున్నాం. మొన్న ఇక్కడి బంగారు అంగడిలో చూపిస్తే వెండి కాదు పొమ్మన్నారు. ఎవరి మాట నమ్మాలి? — ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు వర్ణించినది బ్రిటన్ రాణి రెండో ఎలిజబెత్, ఆమె భర్త ఫిలిప్‌ల పెళ్లి రజతోత్సవానికి 1972లో ఆ దేశపు రాయల్ మింట్ వేసిన ‘క్రౌన్’ నాణెం. వారి వివాహం 1947 నవంబర్ 20న లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో జరిగింది. కిరీటం కింద అల్లుకుని ఉన్న అక్షరాలు ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలైన ఇ, పి. నడుమ ఉన్న పిల్లవాడు గ్రీకుల ప్రేమదేవత ఈరోస్, అంటే మన మన్మథుడి వంటివాడు. నాణేనికి రెండు వైపులా శిల్పి ఆర్నాల్డ్ మాషిన్. రాణి తలపై కనిపించే చిన్న కిరీటాన్ని కాస్త శ్రద్ధగా చూడండి. అది ఆమెకు నాయనమ్మ క్వీన్ మేరీ పెళ్లి కానుకగా ఇచ్చినది. మాషిన్ ఈ ముఖచిత్రాన్ని 1968 నుంచి మామూలు చిల్లర నాణేలకు కూడా వాడారు కాబట్టి ఆ నగ పెళ్లిరోజు కోసమే ప్రత్యేకంగా చెక్కినది కాదు, అయినా ఈ నాణెం మీద అది చక్కగా అమరింది.

ఇక వెండి సంగతి. ఈ నాణేన్ని రెండు రకాలుగా వేశారు. జనానికి ముఖవిలువకే అందించినవి 74 లక్షలకు పైగా ఉన్నాయి. వాటిలో మూడు పాళ్లు రాగి, ఒక పాలు నికెల్ తప్ప వెండి రవ్వంత కూడా లేదు. సేకర్తల కోసం అద్దంలా మెరిసే ముఖంతో, పెట్టెలో పెట్టి అమ్మిన లక్ష నాణేలు మాత్రం నూటికి 92.5 పాళ్లు వెండితో చేసినవి. పెళ్లి జరిగిన 1947వ సంవత్సరమే బ్రిటన్ తన చిల్లర నాణేల నుంచి వెండిని పూర్తిగా తీసేసి రాగి, నికెల్ మిశ్రమానికి మారిన సంవత్సరం కూడా. ఆ లెక్కన వెండి పండుగ నాణేన్ని వెండి లేకుండా వేయడంలో ఆ ప్రభుత్వానికి కొత్తేమీ కనిపించి ఉండదు.

అంగడి వారు చెప్పింది సరైనదే అయ్యే అవకాశం ఎక్కువ. అయితే వారు చూపుతోనే చెప్పారో, పరీక్షించి చెప్పారో మీరు రాయలేదు. రెండు రకాల నాణేల వ్యాసం 38.61 మిల్లీమీటర్లే, బరువు సుమారు 28.28 గ్రాములే కాబట్టి కాటా మీద పెట్టి తూచినంత మాత్రాన తేడా తెలియదు. అయస్కాంతం కూడా రెండింటినీ పట్టదు. గీటురాయి మీద గీస్తే తెలుస్తుంది కానీ అంచు మీద మచ్చ పడుతుంది. నాణేనికి గీత పడకుండా తేల్చే మార్గం ఒకటి ఉంది, మీ ఊళ్లో దానికి కావలసిన పరికరం ప్రతి అంగడిలోనూ ఉంటుంది. మిల్లీగ్రాములు చూపే ఎలక్ట్రానిక్ కాటా మీద సగం నీళ్లున్న చిన్న గ్లాసు పెట్టి అంకెను సున్నాకు తేవాలి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ పక్కలకూ తగలకుండా, పూర్తిగా మునిగేటట్టు నీళ్లలో వేలాడదీయాలి. నాణేనికి గాలి బుడగలు అంటుకుని ఉంటే మెల్లగా కదిపి వదిలించాలి. అప్పుడు కాటా మీద 3.16 గ్రాములకు దగ్గరగా కనిపిస్తే అది రాగి, నికెల్ నాణెం, 2.73 గ్రాములకు దగ్గరగా కనిపిస్తే వెండి నాణెం. రాగి, నికెల్ మిశ్రమం కన్నా వెండికి సాంద్రత ఎక్కువ, అందువల్ల అదే బరువున్న వెండి నాణెం పక్కకు నెట్టే నీరు తక్కువ. ఒకవేళ వెండిదే అయితే దానిలోని మేలిమి వెండి సుమారు 26 గ్రాములు. ఆ రోజు ధరతో గుణించుకుంటే లోహం విలువ మీకే తెలుస్తుంది.

పూజలో పెట్టుకోవడానికి మాత్రం ఈ పరీక్ష ఫలితంతో పని లేదని మా అభిప్రాయం. మీ మామగారు కష్టపడి సంపాదించుకున్న మంచి పేరుకు గుర్తుగా వచ్చిన వస్తువు అది.

ప్రశ్న: పెళ్లి ఇద్దరిది కదా, నాణెం మీద భర్త ముఖం ఎందుకు లేదు? పైగా దాని మీద విలువ కూడా రాసి లేదు. విలువ లేనిది నాణెం ఎలా అవుతుంది? — ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అనంతపురం

జవాబు: రెండో ప్రశ్న తేలికైనది కాబట్టి ముందు దానికే జవాబిస్తాం. క్రౌన్ అంటే పాత లెక్కలో అయిదు షిల్లింగులు, అంటే పౌండులో నాలుగో వంతు. బ్రిటన్ 1971 ఫిబ్రవరి 15న దశాంశ పద్ధతికి మారాక అదే 25 పెన్నీలు అయింది. నాణెం మీద రాయకపోయినా చట్టప్రకారం దాని విలువ పావు పౌండు, మన భాషలో పావలా. 1990 నుంచి బ్రిటన్ ఇదే పరిమాణపు స్మారక నాణేలకు 5 పౌండ్ల విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. కనుక ఒకే బరువు, ఒకే లోహం ఉన్న రెండు నాణేల్లో 1972 నాటిది పావు పౌండు, 1997 నాటిది 5 పౌండ్లు అయ్యాయి. ముఖవిలువకూ లోహానికీ సంబంధం ఎప్పుడో తెగిపోయిందనడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ మాకు కనిపించలేదు.

భర్త ముఖం విషయంలో ఆ దేశపు ఆచారం కఠినమైనది. నాణెం ముందు వైపు సింహాసనం మీద ఉన్నవారిదే. ఫిలిప్ రాణి భర్తే కానీ రాజు కాదు, అందుచేత 1972లో ఆయనకు దక్కింది వెనక వైపు ఒక అక్షరం, చుట్టూ రాసిన పేరు మాత్రమే. ఇంగ్లండు చరిత్రలో దంపతులు నాణెం మీద కలిసి కనిపించిన సందర్భాలు లేకపోలేదు. మొదటి మేరీ, స్పెయిన్ యువరాజు ఫిలిప్‌ల వివాహం 1554లో జరిగాక వేసిన షిల్లింగుల మీద ఇద్దరూ ఎదురెదురుగా ఒకరినొకరు చూస్తున్నట్టు ఉంటారు. 1689లో సింహాసనమెక్కిన విలియం, మేరీలు ఇద్దరూ పాలకులే కాబట్టి వారి ముఖాలు ఒకదాని వెనక ఒకటి పక్కచూపుగా ఉంటాయి.

ఎలిజబెత్ దంపతులకు ఆ వరుస స్వర్ణోత్సవంతో వచ్చింది. 1997లో వేసిన 5 పౌండ్ల నాణెం ముందు వైపున రాణి పక్కనే ఫిలిప్ ముఖాన్ని కూడా శిల్పి ఫిలిప్ నాథన్ చెక్కారు. 2007 నాటి వజ్రోత్సవ నాణెం మీద కూడా ఇద్దరూ జంటగా ఉన్నారు, దాని వెనక వైపు పెళ్లి జరిగిన ఆబీలోని గుండ్రటి గాజు కిటికీ ఉంది. 70 ఏళ్లు నిండిన 2017లో మరొక నాణెం వచ్చింది. ఫిలిప్ 2021 ఏప్రిల్ 9న, ఎలిజబెత్ 2022 సెప్టెంబర్ 8న మరణించారు.

ప్రశ్న: మా ఇంట్లో పాత ఇనుప పెట్టెలో గుండ్రటి వెండి బిళ్ల ఒకటి దొరికింది. ఒక వైపు కిరీటాలు పెట్టుకున్న రాజు, రాణి జంటగా ఉన్నారు, వెనక వైపు ఉర్దూ లాంటి రాత ఉంది. పైన రిబ్బను కట్టుకునే కొక్కెం ఉంది. ఇది కూడా పెళ్లిరోజు నాణెమేనా? — ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: కాదు. అది 1911 డిసెంబర్ 12న ఢిల్లీలో జరిగిన దర్బారు పతకం అయి ఉండాలి. అయిదో జార్జి, ఆయన భార్య మేరీ ఇద్దరూ స్వయంగా వచ్చి కూర్చున్న దర్బారు అది, అందుకే పతకం మీద ఇద్దరూ ఉన్నారు. అది పట్టాభిషేకాన్ని చాటడానికి జరిగింది, వారి పెళ్లి 1893 జూలై 6న జరిగిపోయింది. వెనక ఉన్న రాత పారశీ భాష. కొక్కెం ఉన్నది ఛాతీకి తగిలించుకునే పతకం, దానితో ఎవరూ ఎప్పుడూ ఉప్పు కొనలేదు. మీ ఇంటి పెద్దల్లో ఎవరైనా అప్పటి సర్కారు కొలువులోనో సైన్యంలోనో ఉన్నారేమో విచారించండి. కొక్కెం విరిచి బిళ్లగా అమ్మితే సేకర్తలకు దాని మీద ఆసక్తి సగానికి సగం పోతుంది.

అదే ఏడాది వచ్చిన అయిదో జార్జి రూపాయి కథ మరీ విచిత్రం. రాజు వస్త్రం మీద హారంలో చెక్కిన ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించడంతో జనం నొచ్చుకున్నారు, ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కు తీసుకుని 1912లో బొమ్మ సరిదిద్దింది. సేకర్తలు దానిని ఇప్పటికీ పంది రూపాయి అనే పిలుస్తారు.

ప్రశ్న: దొరల సంగతి సరే, మన రాజులు తమ పెళ్లి గుర్తుగా నాణెం వేసుకున్నారా? పెనుకొండ ఒకప్పుడు రాజధాని కదా, ఇక్కడ వేసిన వరహాల మీద జంట బొమ్మలు ఉంటాయని విన్నాను. — ఒక డిగ్రీ విద్యార్థిని, పెనుకొండ

జవాబు: దేశం మొత్తం మీద చూస్తే, వేసుకున్నారనే చెప్పాలి. గుప్త వంశపు మొదటి చంద్రగుప్తుడు లిచ్ఛవుల ఆడపడుచు కుమారదేవిని వివాహమాడాడు. నాలుగో శతాబ్దానికి చెందిన ఒక బంగారు దీనారం మీద ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉంటారు. రాజు చేతిలోని చిన్న వస్తువును రాణికి అందిస్తుంటాడు, అది ఉంగరమని ఎక్కువ మంది చెబుతారు. ఇద్దరి పేర్లూ పక్కనే ఉంటాయి. వెనక వైపు సింహం మీద కూర్చున్న దేవత, ‘లిచ్ఛవయః’ అనే రాత ఉంటాయి. అల్లుడు తన నాణెం మీద అత్తింటివారి పేరు వేయించాడంటే ఆ సంబంధం వల్ల కలిసివచ్చిన బలం ఎంతటిదో ఊహించవచ్చు. దీనిని చంద్రగుప్తుడే వేయించాడని కొందరు, తల్లిదండ్రుల జ్ఞాపకార్థం కొడుకు సముద్రగుప్తుడు వేయించాడని మరికొందరు చరిత్రకారులు వాదించారు. రెండో వాదమే నిజమైతే, ప్రొద్దుటూరు పాఠకురాలి దగ్గరున్న నాణేనికి పదహారు వందల ఏళ్ల ముందటి అక్క ఇది.

విజయనగర రాజుల దారి వేరు. వారి వరహాల మీద జంటలు ఉన్న మాట వాస్తవమే కానీ అవి దేవతల జంటలు. రెండో హరిహరరాయల కాలం నుంచి ఉమామహేశ్వరులు, లక్ష్మీనారాయణులు పక్కపక్కనే కూర్చుని కనిపిస్తారు, రాజు పేరు వెనక వైపు నాగరి లిపిలో ఉంటుంది. 1565లో తళ్లికోట యుద్ధం తరువాత రాజధాని మీ పెనుకొండకు మారింది. అప్పుడు పాలించిన అరవీటి తిరుమలరాయల వరహా మీద సీతారాములు కూర్చుని ఉంటారు, లక్ష్మణుడు పక్కన నిలబడి ఉంటాడు. వరహా బరువు 3.4 గ్రాములకు అటూ ఇటూ, వ్యాసంలో మన చిటికెన వేలి గోరు కన్నా పెద్దగా పెరగదు. అంత చోటులో ముగ్గురిని, అందులోనూ ఇద్దరిని కూర్చోబెట్టి ఒకరిని నిలబెట్టి చెక్కిన కమ్మటం పనివాడి చేతికి దండం పెట్టాలి.

తమ ముఖాన్ని, భార్య ముఖాన్ని నాణెం మీద వేయించుకోవడం ఆ రాజులకు రుచించలేదనుకోవాలి. శ్రీకృష్ణదేవరాయలు తిరుమలదేవి, చిన్నాదేవి సమేతంగా కనిపించేది తిరుమల ఆలయంలోని లోహ విగ్రహాల్లో, అదీ చేతులు జోడించి. ఆయన వరహాల్లో ఎక్కువగా కనిపించేది బాలకృష్ణుడు.

ఒక మాట అడగకపోయినా చెబుతున్నాం. మీ ప్రాంతంలో పొలం దున్నుతుంటే వరహా దొరికితే దాచుకోవడం, అమ్ముకోవడం రెండూ నేరాలే. భూమిలో దొరికిన సొత్తు విలువ 10 రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. 100 ఏళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం పరిధిలోకి కూడా వస్తాయి, వాటిని సొంతంగా విదేశాలకు పంపడానికి వీల్లేదు.

ప్రశ్న: రాణి బొమ్మ ఉన్న పెద్ద నాణెం ఉంటే లక్షలు ఇస్తామని ఒక వీడియో చూశాను. ఫోటో పంపితే 9 లక్షలు ఖరారు చేశామన్నారు, ముందుగా రిజిస్ట్రేషనుకు, పన్నుకు కొంత డబ్బు కట్టమంటున్నారు. రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితం కూడా పంపారు. కట్టవచ్చా? — ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టకండి. పాత నాణేల కొనుగోలు, అమ్మకాల పేరిట తన పేరును వాడుకుని రుసుములు వసూలు చేస్తున్న మోసగాళ్లను నమ్మవద్దని, అలాంటి లావాదేవీల్లో తాను తలదూర్చనని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి సైబర్ నేరాల విభాగానికి చెప్పండి. డబ్బు వారి ఖాతాలో ఇంకా కదలకుండా ఉంటే ఆపగలిగే వీలుంటుంది.

ఆ ధర ఎందుకు అబద్ధమో కూడా చెప్పుకోవాలి. పాత వస్తువుకు ధర రావాలంటే అది తక్కువగా మిగలాలి. మామూలు నాణేలు చేతులు మారి అరిగిపోతాయి, కరిగిపోతాయి, పోతాయి. స్మారక నాణేన్ని మాత్రం కొన్న మొదటి రోజే అందరూ బీరువాలో పెడతారు. 1972లో వేసిన 74 లక్షల నాణేల్లో చాలా భాగం ఇప్పటికీ ఎక్కడో ఒక ఇంట్లో భద్రంగానే ఉంటాయి. 1977లో రాణి పాలన రజతోత్సవానికి వేసినవైతే మూడున్నర కోట్లు దాటాయి. బ్రిటన్‌లోని పాత నాణేల అంగళ్లలో 1972 నాటి మామూలు క్రౌన్‌ను కొద్ది పౌండ్లకే ఎవరైనా కొనుక్కోవచ్చు. అక్కడ అంత సులువుగా దొరికే దానికి కర్నూలులో 9 లక్షలు ఇచ్చేవాడు మీ మేలు కోరేవాడు కాడు.

ఇదే సూత్రం మన స్మారక నాణేలకూ వర్తిస్తుంది. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం 35 గ్రాముల బరువు, 44 మిల్లీమీటర్ల వ్యాసం, సగం వెండి. దానిని టంకశాల అమ్మింది వంద రూపాయలకు కాదు, వేలల్లో. అభిమానంతో కొన్నవారికి ఏ నష్టమూ లేదు. పదేళ్లలో పదింతలు అవుతుందని కొన్నవారికి మాత్రం ఎదురుచూపులు తప్పవు. పుట్టపర్తిలో 2025 నవంబర్ 19న సత్యసాయి శతజయంతికి విడుదలైన నాణెం గురించి అడిగినవారికి కూడా మా జవాబు ఇదే.

ప్రశ్న: ఇలాంటి నాణెం నల్లబడితే చింతపండుతో తోమవచ్చా? — ఒక పాఠకురాలు, తాడిపత్రి

జవాబు: వద్దు. చింతపండు, నిమ్మకాయ, విబూది, అంగట్లో దొరికే పాలిష్ ఏదైనా పైపొరను తినేస్తుంది, మెరుపు వచ్చినా సేకర్త దృష్టిలో నాణెం చచ్చిపోయినట్టే. జిడ్డు ఉంటే గోరువెచ్చటి సబ్బు నీళ్లలో ముంచి, శుభ్రమైన నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్దండి. అంచులు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి. జిగటగా ఉండే పాత ప్లాస్టిక్ కవర్లలో పెడితే కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది, కాగితపు కవరు మేలు.

ప్రశ్న: వచ్చే ఏడాది మా అమ్మానాన్నల పెళ్లికి 25 ఏళ్లు నిండుతాయి. వాళ్ల బొమ్మలతో వెండి నాణెం చేయించి బంధువులకు పంచాలని అన్నదమ్ములం అనుకుంటున్నాం. చట్టం ఒప్పుకుంటుందా? — ఒక పాఠకుడు, కడప

జవాబు: బిళ్లగా చేయించుకోవడానికి ఏ అడ్డూ లేదు, నాణెంగా చేయించుకోవడానికే అడ్డు. డబ్బుగా చెలామణీ కావడానికి లోహపు బిళ్లలు తయారు చేయడం, పంచడం 2011 నాటి నాణేల చట్టం ప్రకారం శిక్షకు తగిన నేరం. కాబట్టి దాని మీద రూపాయి గుర్తు, ‘వంద’ వంటి విలువ, అశోక స్తంభంలోని సింహాల బొమ్మ వేయించకండి. అమ్మానాన్నల బొమ్మలు, పేర్లు, పెళ్లి తేదీ, ఊరి పేరు వేయించుకోండి.

అచ్చు చెక్కించేటప్పుడు ఫోటోను ఉన్నదున్నట్టు దించమనకండి. ఎదురుగా చూసే ముఖాలు చిన్న బిళ్ల మీద ముక్కు చదునై గుర్తుపట్టలేకుండా పోతాయి, పక్కచూపుగా ఒకరి వెనక ఒకరు ఉంటే పోలిక నిలుస్తుంది. నాణేల శిల్పులు ఎక్కువగా ఆ పద్ధతినే నమ్ముకోవడానికి కారణం అదే. మీ అమ్మగారి ముక్కుపుడక, చెవి కమ్మలు అచ్చులో స్పష్టంగా రావాలని చెక్కేవారికి ముందే చెప్పండి, బంధువులు గుర్తుపట్టేది వాటితోనే. ఒక బిళ్లకు 10 గ్రాముల వెండి సరిపోతుంది. 999 మేలిమి అడిగి, బిఐఎస్ హాల్‌మార్కు ఉందో లేదో చూసి, అచ్చు కూలి వేరుగా, వెండి ధర వేరుగా రాసిన బిల్లు తీసుకోండి. పంపకం అయ్యాక అచ్చును కూడా వారి దగ్గర వదలకుండా ఇంటికి తెచ్చుకోండి.